గవదబిళ్ళల గొలుసు

మా అత్త షాహీదాబీ దగ్గర ఒక బంగారు గొలుసు ఉంది. గవదబిళ్ళలు వచ్చినవాళ్ళ మెడలో వేస్తే చెంపల వాపు తగ్గిపోతుందని దానికి పేరు. గవదబిళ్ళలకు బంగారు గొలుసు వేయడం మా వైపు ప్రతి ఇంట్లోనూ ఉన్నదే. ఎవరి గొలుసు వాళ్ళు వేసుకోవచ్చు, ప్రొద్దుటూరులో బంగారానికి కరువేమీ లేదు. అయినా మా వీధివాళ్ళు, పక్క వీధులవాళ్ళు, ఒక్కోసారి చిలమకూరు నుంచి సిమెంటు ఫ్యాక్టరీవాళ్ళు కూడా మా ఇంటికే వస్తారు. ఈ గొలుసు మా అత్త తల్లిది. జమ్మలమడుగులో ఆమె చేతి మీద వందల చెంపలు దారికొచ్చాయని చెప్పుకుంటారు. ఏమీ వేయకపోయినా వారం పది రోజుల్లో వాపు దానంతటదే పోతుందన్న సంగతి ఆ చెంపలకు ఎవరూ చెప్పలేదు. నయీం, అంటే మా ఆయన, కువైట్‌లో ఉండగా ఆ ముసలావిడ పోయింది, గొలుసు మా అత్తకు వచ్చింది. దానితోపాటు జనమూ వచ్చారు.

గొలుసుకు మా అత్త నియమాలు పెట్టింది. డబ్బు తీసుకోదు. గొలుసు గడప దాటదు. వచ్చినవాళ్ళే మా ముందుగదిలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, కాసేపు వేసుకుని వెళ్ళాలి. దాన్ని కడగకూడదు, కడిగితే గుణం పోతుంది. వేసేటప్పుడు ఆమె పక్కన నిలబడి దువా చదువుతుంది. కానీ ఆమె కంటికి కొక్కెం ఆనదు కాబట్టి కొక్కెం పెట్టే పని ఇంట్లో ఇంకొకరిది. నేను కోడలిగా వచ్చినప్పటి నుంచి ఆ ఇంకొకరిని నేనే. నా పేరు ఫరహత్. పుట్టిల్లు జమ్మలమడుగు. మేము నూర్‌బాషాలం, ఇంట్లో మాట్లాడేది తెలుగే. నాకు గవదబిళ్ళలు చిన్నప్పుడే వచ్చి పోయాయి. అందుకే ఇన్నేళ్ళుగా ఊళ్ళో వాచిన ప్రతి చెంప పక్కనా ముఖం పెట్టినా నాకేమీ కాలేదు.

నా లోటు వేరే. పెళ్ళయి ఐదేళ్ళు దాటినా పిల్లలు లేరు.

ప్రొద్దుటూరులో నా ఒంట్లో చూడాల్సినవన్నీ చూశారు. రక్తాలు తీశారు, స్కానింగులు తీశారు. గర్భసంచిలోకి రంగుమందు ఎక్కించి ఫోటో తీసిన రోజు నేను అరిచిన అరుపు రోడ్డు మీద ఆటోవాళ్ళకు కూడా వినిపించి ఉంటుంది. గోడ పట్టుకుని బయటికి వచ్చేసరికి నయీం కొబ్బరిబోండాం పట్టుకుని నిలబడి ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నా మొగుడికి నేనంటే ఎంత ప్రాణమో అనుకున్నాను. ఆ సంతోషంలో నొప్పి కూడా కొంచెం తగ్గింది.

నాలో అన్నీ బాగున్నాయని తేలింది. దానివల్ల నాకు ఒరిగిందేమీ లేదు. ఏదో ఒకటి బాగాలేదని చెప్పి ఉంటే దానికి మందు మింగేదాన్ని. అన్నీ బాగుండి కూడా కడుపు పండని కోడలు అత్తకు మరీ అనుమానంగా కనిపిస్తుంది. నయీంను కూడా పరీక్ష చేయించుకోమని డాక్టర్లు చెప్పారు.

"మగోనికి పరీక్షలేంది? గోడ మాదిరి ఉండాడు నా కొడుకు," అంది మా అత్త.

నయీం ఏమీ అనలేదు. నిజంగానే గోడలాగా ఉన్నాడు.

కలమల్ల దగ్గర కరెంటు ఫ్యాక్టరీలో అతను కాంట్రాక్టు ఎలక్ట్రీషియన్. తాగడు, అరవడు. నాకు నెలసరి వచ్చిన రోజు తనే వంట చేస్తాడు. అంత మంచి మనిషి పరీక్ష అనేసరికి ఎందుకో డ్యూటీ షిఫ్టు మారిందంటాడు.

ఒక సాయంత్రం వేరుశనక్కాయలు ఒలుస్తూ మా అత్త విషయం చెప్పింది.

"ఖాజీపేటలో ఒగ పిల్ల ఉండాది పాపా. సుమయ్యా అని. నిన్నేం పొమ్మన్లేదు గదా. మన దాంట్లో తప్పు గూడా లేదు. ఆ పిల్లకు బిడ్డ పుడితే నీకు బిడ్డ గాదా? పైగది నీకే. ఫ్యాను గూడా ఉండాది."

పైగదిలో ఫ్యాను ఉన్న మాట నిజమే. నేను శనక్కాయలు ఒలవడం పూర్తిచేశాను, చెత్త ఎత్తాను, అన్నం వండాను. తర్వాత స్నానాల గదిలో కొళాయి తిప్పుకుని ఏడ్చాను. పాత కుర్చీని ఎత్తి మూలన పెట్టినట్టు నన్ను పెడుతున్నారు. అందులో చెడ్డతనం ఏమీ లేదన్నట్టు, ఒలుస్తున్న శనక్కాయలు కూడా ఆపకుండా పెడుతున్నారు. అది తట్టుకోలేకపోయాను.

నయీంను అడిగాను. "అమ్మ ఏదో అంటాది. చూద్దాంలే," అన్నాడు. వద్దు అనలేదు.

ఆఖరుసారి పులివెందులలో ఒక డాక్టరమ్మకు చూపించుకుని వస్తానని, అప్పటిదాకా ఆగమని మా అత్తను బతిమాలాను. ప్రొద్దుటూరు ఆసుపత్రుల్లో అయితే పక్క కుర్చీలో ఎప్పుడూ తెలిసినవాళ్ళే ఉంటారు. పైగా వాళ్ళంతా కడుపుతో ఉంటారు. మా అత్త సరేనంది. ఖాజీపేటకు మాత్రం కబురు పంపేసింది, వాళ్ళు కూడా ఆలోచించుకోవాలి కదా అని.

డాక్టర్ వేదశ్రీ నా కాగితాలన్నీ ఓపిగ్గా చూసింది. చూసి పక్కన పెట్టింది.

"మీ ఆయన రాలేదా?"

"వచ్చినాడు మేడమ్. కింద టీ అంగట్లో ఉండాడు."

"ఎప్పుడూ కిందనే ఉంటాడా?"

"ఎప్పుడూ కిందనే."

"నీలో చూసేదానికి ఇంకేం మిగల్లేదమ్మా. ఇంక ఆయన్నే చూడాల. పెద్దయినాక ఎప్పుడైనా గవదబిళ్ళలు వచ్చినాయా ఆయనకు?"

నాకు నవ్వొచ్చింది. గవదబిళ్ళలు నన్ను పులివెందులలో కూడా వదలలేదు. లేదని చెప్పి, వాటికీ పిల్లలు పుట్టడానికీ ఏం సంబంధమని అడిగాను. ఆమె విసుక్కోకుండా చెప్పింది. అది వైరస్. తుమ్మినా, దగ్గినా, దగ్గరగా కూర్చుని మాట్లాడినా ఎంగిలి తుంపరల వల్ల అంటుకుంటుంది. చిన్నపిల్లలకు వస్తే చాలావరకు చెంపలతో పోతుంది. ఎదిగిన మగవాళ్ళకు వస్తే కొందరికి వృషణాలు కూడా వాస్తాయి. వాచిన అందరికీ నష్టం జరగదు, మళ్ళీ మామూలైపోయేవాళ్ళే ఎక్కువ. కానీ కొందరిలో వీర్యకణాలు బాగా తగ్గిపోతాయి. పరీక్ష చేస్తేనే తెలుస్తుంది.

"ఆడోళ్ళ పరీక్షంత కష్టం గూడా గాదు," అంది. "పిలుచుకురా."

బస్సులో నయీంను అడిగాను. పెద్దయ్యాక గవదబిళ్ళలు వచ్చాయా అని.

"లేదే," అన్నాడు కిటికీలోంచి చూస్తూ. "చిన్నప్పుడు వచ్చింటాయేమో."

ముద్దనూరులో బస్సు ఆగితే దిగి నాకు జామకాయలు కొనుక్కొచ్చాడు. ఉప్పూ కారమూ వేయించి మరీ తెచ్చాడు. నేను తిన్నాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకు ఖాజీపేటవాళ్ళు ఇల్లు చూడటానికి వస్తామని కబురు చేశారు. వచ్చేది పిల్ల తల్లి మహబూబ్‌బీ ఒక్కతే అనుకున్నాం. పిల్లను కూడా వెంటబెట్టుకుని ఆటో దిగింది. పిల్ల ముఖానికి దుపట్టా చుట్టి ఉంది. సిగ్గు కాబోలనుకుని మా అత్త మురిసిపోయింది. దుపట్టా తీస్తే రెండు చెంపలూ చెవుల కిందినుంచి ఉబ్బి ఉన్నాయి.

"గవదలు వచ్చినాయక్కా," అంది మహబూబ్‌బీ. "ఎట్లా వస్తాండాం గదా, మీ గొలుసు గూడా ఏపిచ్చుకోని పోదామని పిలుచుకోని వచ్చినా. రెండు పనులూ అయితాయి."

ఆ విధంగా నాకు సవతిగా రావాల్సిన పిల్ల మా ముందుగదిలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. దాని మీద కోపం తెచ్చుకుందామని పొద్దుటి నుంచీ సిద్ధంగా ఉన్నాను. ఆ ముఖం చూశాక రాలేదు. నొప్పికి నీళ్ళు కూడా మింగలేకపోతోంది. మా అత్త గొలుసు తెచ్చి నా చేతికిచ్చి దువా మొదలుపెట్టింది. నేను పిల్ల వెనక్కి వెళ్ళి జడ పక్కకు జరిపాను.

"అక్కా, ఒగ మాట," అంది మహబూబ్‌బీ. "పిల్లోళ్ళకైతే తగ్గుతాదని విన్న్యాం. మా పాప పెద్దదైపోయినాది గదా. పెద్దోళ్ళకు పనిచేస్తాదా?"

మా అత్త దువా మధ్యలో ఆగిపోయింది. కొడుకును ఎవరైనా అంటే ఆమె ఊరుకుంటుందేమో కానీ గొలుసును అంటే ఊరుకోదు.

"పనిచేస్తాదా అని అడుగుతాండావా? మా నయీంకే వచ్చినాయి తెల్సునా! కువైట్ నుంచి పెండ్లికని వచ్చి ఇంట్లో ఉంటే, కొక్కెం పెట్టేదానికి నాకు సాయం చేస్తాండె. ఒగ దినం తెల్లారి లేసేసరికి రెండు చెంపలూ పూరీల మాదిరి పొంగినాయి. అంత పెద్ద మగోనికి తగ్గిచ్చింది ఈ గొలుసు. మీ పాప ఎంత?"

నా వేళ్ళు పిల్ల మెడ మీద ఆగిపోయాయి. మా పెళ్ళి ఒకసారి వాయిదా పడింది. పెళ్ళికొడుక్కి విషజ్వరమని జమ్మలమడుగుకు కబురు వచ్చింది. మా అమ్మ దర్గాలో చక్కెర పంచింది, అతనికి తగ్గాలని.

మహబూబ్‌బీ మొహమాటపడే మనిషి కాదు.

"కింద గూడా వాచెనా అక్కా?" అంది.

"వాచకేం? నడవలేకపోయినాడు. లుంగీ తప్ప ఇంగేం కట్టలేకపోయినాడు. జొరానికి ఒల్లంతా కాలిపోతాండె. రేయింబగల్లు గొలుసు మెడలోనే పెట్టిచ్చినా. అట్లాంటిదాన్ని గూడా తగ్గిచ్చింది!"

మా అత్త గెలిచినట్టు చుట్టూ చూసింది. మహబూబ్‌బీ టీ గ్లాసు కింద పెట్టింది.

"మా తమ్మునికి గూడా అట్లనే అయ్యె," అంది నిదానంగా. "వానికి పిల్లలు కాలే."

అప్పుడు నావైపు చూసింది. వచ్చినప్పటి నుంచి ఆమె నన్ను చూడటం అదే మొదలు. అంతవరకు నేను టీ తెచ్చే చెయ్యిని, కొక్కెం పెట్టే చెయ్యిని.

"ఈ పాపకు పిల్లలు లేంది గూడా అందుకేనేమో?"

"పులివెందుల డాక్టరమ్మ నన్ను ఇదే మాట అడిగింది," అన్నాను. నా గొంతు నాకే చాలా మామూలుగా వినిపించింది. "లేదని చెప్పినా. నాకు తెల్దు గదా."

మా అత్తకు విషయం అప్పుడు తెలిసొచ్చింది.

"అవి గవదలు గాదులే మహబూబ్‌బీ. కువైట్ నుంచి వచ్చిన కొత్త గదా. ఎండకు పొంగింటాయి."

"ఎండకు పొంగింటే మళ్ళ గొలుసు తగ్గిచ్చిందేంది?"

కొడుకుకు గవదబిళ్ళలు వచ్చాయంటే గొలుసు నిలుస్తుంది, కొడుకు నిలవడు. రాలేదంటే కొడుకు నిలుస్తాడు, గొలుసు నిలవదు. మా అత్త పిల్లకు బొరుగుల ఉగ్గాని పెట్టమని నాకు చెప్పింది. నీళ్ళే మింగలేని పిల్లకు.

వాళ్ళు ఎక్కువసేపు ఉండలేదు. సుమయ్యా మెడలోంచి గొలుసు నేనే తీశాను. తీస్తుంటే ఆ పిల్ల నా చెవి దగ్గర, "అక్కా, నాకు ఈ సంబంధం ముందునుంచీ ఇష్టం లేదు," అంది. వాపు వల్ల మాట సరిగ్గా రాకపోయినా నాకు బాగా అర్థమైంది. చెంపలకు వేడి కాపడం పెట్టుకోమని, జావ తాగమని, ఇంకెవరి దగ్గరా కూర్చోవద్దని చెప్పి పంపాను.

నయీం పొద్దు కుంకే వేళకు డ్యూటీ నుంచి వచ్చాడు. నేను వాకిట్లోనే నిలబడ్డాను.

"నీకు గవదలు వచ్చినాయంట," అన్నాను.

అతను టిఫిన్ క్యారియరు చేత్తో పట్టుకుని అలాగే మెట్టు మీద కూర్చున్నాడు.

"ఎవురు చెప్పినారు?"

"మీ అమ్మ. శానా గొప్పగా చెప్పింది. దానివల్లేనని నీకు తెల్సునా?"

క్యారియరు పక్కన పెట్టాడు. తర్వాత, "అనుమానం ఉండె. ఫోన్లో చూసినా," అన్నాడు.

"ఎప్పుడు?"

"నీకు ఆ రంగుమందు పరీక్ష చేసిరే... దానికి ముందు."

ముందు. తలుపుకు ఇవతల నేను గొంతు చించుకుని అరుస్తుంటే, అవతల బోండాం పట్టుకుని నిలబడ్డ మనిషికి ఆ పరీక్ష నాకు అక్కర్లేదేమోనన్న సంగతి ముందే తెలుసు. వంట చేసిన రోజులన్నీ, జామకాయలన్నీ గుర్తొచ్చాయి. ప్రేమ అనుకున్నదాంట్లో ఎంత ప్రేమ, ఎంత తప్పుదండగ? నాకు లెక్క తేలలేదు.

"భయమేసింది ఫరహత్," అన్నాడు. "నాలోనే అని తేలితే నువ్వు పోతావనుకున్నా."

"అందుకని నన్నే పైగదికి పంపిస్తాంటే చూద్దాంలే అన్నావా?"

క్యారియరు మూత తీసి భుజం మీద కొట్టాను. పెళ్ళయ్యాక అతన్ని కొట్టడం అదే మొదటిసారి. అడ్డం పెట్టుకోలేదు. ఇంకోటి కొట్టాను. ఎదురింటి మున్వర్ తలుపు దగ్గరికి వచ్చి, చూసి, మర్యాదగా లోపలికి వెళ్ళిపోయాడు.

నయీం ఆ మరుసటి వారమే పులివెందులకు వచ్చాడు. ఈసారి అతను పైకి వెళ్ళాడు, నేను కింద టీ అంగట్లో కూర్చున్నాను. టీ బాగాలేదు. అతను ఇన్నిసార్లు దాన్ని ఎలా తాగాడో తెలియదు. ఫలితం వచ్చాక డాక్టర్ వేదశ్రీ ఇద్దర్నీ కూర్చోబెట్టింది. కణాలు చాలా తక్కువగా ఉన్నాయి, ఉన్నవాటిలో కదలిక తక్కువ. అసలు లేకుండా పోలేదు. కొన్నాళ్ళు మందులు వాడి చూద్దాం, తర్వాత తిరుపతిలో పెద్ద వైద్యం ఉంది, కావచ్చు, కాకపోవచ్చు. గవదబిళ్ళల వల్లే అని నూటికి నూరుపాళ్ళు చెప్పలేనని కూడా నిజాయితీగా చెప్పింది. నయీం తల వంచుకుని విన్నాడు. నాకు అతని మీద జాలి వేసింది. జాలి వేసినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

ఇంటికి వచ్చి గొలుసును సబ్బుతో కడిగాను. మా అత్త చూసి కూడా ఏమీ అనలేదు. జనం ఇప్పటికీ వస్తున్నారు, వారం పది రోజుల్లో వాళ్ళకు తగ్గుతూనే ఉంది. ఎదిగిన మగపిల్లలు వస్తే మాత్రం గుమ్మంలోంచే డాక్టరు దగ్గరికి పంపుతున్నాను.

తర్వాత ఇంట్లో ఒక వింత జరిగింది. పిల్లలు అంత ముఖ్యం కాకుండా పోయారు.

ముందుగా మా అమ్మ జమ్మలమడుగు నుంచి వచ్చింది. డాక్టరుకు చూపించుకున్నావా లేదా అని నన్ను రోజూ ఫోన్లో సతాయించిన మనిషి. ఇప్పుడు, "ఏం చేస్తాం, సర్దుకోవల్ల. మంచోడు. తాగడు, కొట్టడు," అంది.

"కొట్టింది నేను," అన్నాను. "అమ్మా, నాకు గూడా ఒగ సంబంధం చూడు. నయీంనేం పొమ్మన్లేదులే. పైగదిలో ఉంటాడు. ఫ్యానుండాది."

మా అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అటూ ఇటూ చూసింది. నేను తమాషాకే అన్నాను. కానీ అదే మాట మా అత్త నా గురించి నిజంగానే అన్నప్పుడు ఇదే అమ్మ, "ఆమె చెప్పేదాంట్లో గూడా న్యాయం ఉండాది కదమ్మా," అంది. ఆ మాట నేను మరిచిపోలేను.

మా అమ్మ వెళ్ళిపోయిన సాయంత్రం మా అత్త వంటింట్లోకి వచ్చింది. పని లేకపోయినా కొత్తిమీర తీసుకుని నా పక్కన కూర్చుంది. కళ్ళు ఆనక ఆకులు పారేసి కాడలు ఉంచుతోంది.

"పిల్లలు లేకుంటే ఏంలే పాపా," అంది. "ఉండేవాళ్ళు మాత్రం ఏం సుఖపడతాండారు? నువ్వూ వాడూ బాగుంటే సాలు."

ఐదేళ్ళు నేను ఎదురుచూసిన మాట అది. లోపం నాదని అందరూ అనుకున్న రోజుల్లో ఈ మాట ఒక్కసారి, ఒక్క నోటి నుంచి వచ్చి ఉంటే ఆమె కాళ్ళు పట్టుకుని ఏడ్చేదాన్ని. లోపం కొడుకుదని తేలాక వచ్చింది. అయినా ఏడుపు ఆగలేదు. పొయ్యివైపు తిరిగి ఏడ్చాను. ఆమె కాడలు ఏరుతూనే ఉంది.

"ఫరహత్," అంది కాసేపటికి. గొంతు చిన్నదైపోయింది. "నువ్వు... యాడికీ పోవు గదా?"

నాకు ఎక్కడికీ పోవాలని లేదు. నయీం మీద కోపం తగ్గలేదు, ప్రేమ కూడా తగ్గలేదు, రెంటినీ పెట్టుకునే ఆ ఇంట్లో ఉండబోతున్నాను. ఆ మాట ఆమెకు చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. పొయ్యి మంట తగ్గించి, ఆమె పారేసిన ఆకులు ఏరి కడుక్కున్నాను. వెనకనుంచి ఆమె ఇంకోసారి, "పోవు గదా పాపా?" అంది. ఐదేళ్ళు ఈ ఇంట్లో ప్రతి రోజూ నేను పడ్డ భయం అది. ఒక్క పూట ఆమె పడనీ అనుకున్నాను.